28 రోజుల లెక్క: యల్లాప్రగడ సుబ్బారావు జీవితాన్ని మన వాడల నుంచి చదివితే

ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఏ ఎస్సీ కాలనీకి వెళ్లినా, గోడ గూట్లోనో టీవీ వెనకాలో ఎర్ర మాత్రల అట్ట ఒకటి కనిపిస్తుంది. ఏఎన్ఎం ఇచ్చినవి. సగం మింగి, సగం వదిలేసినవి. రక్తం మాత్రలని వాటికి మన వాళ్లు పెట్టుకున్న పేరు. వేసుకుంటే వాంతికొస్తుందని, కడుపులో బిడ్డ మరీ లావై కాన్పు కష్టమవుతుందని ఏవేవో భయాలు. ఆ మాత్రలో ఇనుము ఉంటుందని చాలామందికి తెలుసు. ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం కూడా ఉంటుందని తెలిసినవాళ్లు తక్కువ. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని నడిపించింది ఒక తెలుగువాడని తెలిసినవాళ్లు ఇంకా తక్కువ. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు.

మేము పుట్టింది ఆళ్లగడ్డ దగ్గరి పల్లెలో. చదువుకున్నది నంద్యాలలో, హాస్టల్లో ఉండి. ఇప్పుడు పీహెచ్‌డీలో మేము చేస్తున్నది గర్భంలో అవయవాలు ఏర్పడే తీరు మీద పని. ఏ కణంలో ఏ జన్యువు ఎప్పుడు మేల్కొంటుంది, ఒక అవయవంలో ఏయే రకాల కణాలు ఎంతెంత పాళ్లలో చేరతాయి అన్నది మా ప్రశ్న. ఈ పనిలో రోజూ ఎదురయ్యే పేరు ఫోలిక్ ఆమ్లం. అందుకే సుబ్బారావు జీవితాన్ని మళ్లీ చదివాం. తెలుగువాళ్ల గర్వంగా, నోబెల్ దక్కని మేధావిగా ఆయన కథ ఇప్పటికే చాలామంది రాశారు. మేము దాన్ని రెండు ప్రశ్నలతో చదివాం. ఆ జ్ఞానం ఎవరి శరీరాల మీదుగా ఆయన దాకా వచ్చింది? ఇప్పుడది ఎవరి శరీరాలకు, ఎప్పుడు చేరుతోంది?

మూడోసారికి పాసైన మెట్రిక్

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. నియోగి బ్రాహ్మణ కుటుంబం, ఏడుగురు పిల్లల్లో నాలుగోవాడు. తండ్రి జగన్నాథం అనారోగ్యంతో ఉద్యోగం ముందే వదిలేయాల్సి వచ్చింది. ఇంట్లో డబ్బుకు కటకట. 13 ఏళ్ల వయసులో ఆ పిల్లవాడు కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదించాలని ఇల్లు విడిచి బయల్దేరాడు. తల్లి వెంకమ్మ వెనక్కి రప్పించి మళ్లీ బడికి పంపింది.

చదువు సాఫీగా సాగలేదు. రాజమండ్రిలో మొదలుపెట్టిన మెట్రిక్యులేషన్‌ను చివరికి మద్రాసు హిందూ హైస్కూల్లో, మూడో ప్రయత్నంలో గట్టెక్కించారు. తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీ, ఆపైన మద్రాసు మెడికల్ కాలేజీ. గాంధీ పిలుపు విని ఖద్దరు కట్టడం ఆయన శస్త్రచికిత్స ప్రొఫెసర్‌కు నచ్చలేదు. రాతపరీక్షలు బాగానే రాసినా పూర్తి ఎంబీబీఎస్ డిగ్రీ ఇవ్వకుండా దానికంటే తక్కువ స్థాయిదైన ఎల్ఎంఎస్‌తో సరిపెట్టారు. మద్రాసు ప్రభుత్వ వైద్య సర్వీసులో చేరాలని ప్రయత్నించారు, దొరకలేదు. ఆచంట లక్ష్మీపతి నడుపుతున్న ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పుకుంటూ కాలం గడిపారు.

ఇక్కడ కాస్త ఆగాలి. మూడుసార్లు పరీక్ష రాసినవాడు, తక్కువ స్థాయి డిగ్రీతో బయటపడ్డవాడు, ఉద్యోగం దొరకనివాడు. ఈ రోజు మెడికల్ కాలేజీలో కటాఫ్ మార్కులు చూపించి మన పిల్లల వైపు వేలెత్తేవాళ్లు ఈ మార్కుల జాబితాను ఎప్పుడైనా చూశారా? సుబ్బారావు ప్రతిభను మేము తక్కువ చేయడం లేదు. అంత ప్రతిభ ఉన్న మనిషిని కూడా పరీక్షలు రెండుసార్లు గుర్తుపట్టలేకపోయాయని చెబుతున్నాం. అయితే ఆయనకు మూడో అవకాశం దొరికింది. తల్లి పట్టుదల ఉంది, అగ్రహార సమాజపు పరిచయాలు ఉన్నాయి, చదువుకు సాయం చేసిన కస్తూరి సూర్యనారాయణమూర్తి లాంటి మనిషి ఉన్నారు. ఆ తర్వాత ఆయన మామగారు అయ్యారు. అదే కాలంలో అదే గోదావరి గడ్డ మీద మాలపేటల, మాదిగ గూడేల పిల్లలకు మొదటి అవకాశం కూడా గగనమే. ఆ రాజమండ్రిలోనే దళిత కవి, వైద్యుడు కుసుమ ధర్మన్న అంటరానితనం మీద కలం ఎత్తారు. ప్రతిభ ఒక గడ్డకు, ఒక కులానికి పరిమితం కాదు. రెండో, మూడో అవకాశం మాత్రం పరిమితమైంది.

స్ప్రూ, రంగూన్ డబ్బు, బోస్టన్ రాత్రులు

సుబ్బారావును మందుల వైపు తిప్పింది ఇంట్లో జరిగిన చావులు. ఇద్దరు అన్నదమ్ములు పురుషోత్తం, కృష్ణమూర్తి ఎనిమిది రోజుల తేడాతో చనిపోయారు. ఉష్ణమండల స్ప్రూ అన్న జబ్బు ఆ కుటుంబాన్ని పట్టుకుంది. పేగులు తిన్న తిండిలోని సారాన్ని పీల్చుకోలేవు. విరేచనాలు తగ్గవు, నాలుక పుండవుతుంది, రక్తం పలచబడుతుంది, మనిషి ఎండిపోతాడు. సుబ్బారావుకు కూడా ఆ జబ్బు వచ్చింది. లక్ష్మీపతి వైద్యంతో బతికి బయటపడ్డారు. ఆ జబ్బులో శరీరానికి అందకుండా పోయే వాటిలో ఒకటి ఫోలిక్ ఆమ్లమని అప్పటికి ప్రపంచంలో ఎవరికీ తెలియదు. పాతికేళ్ల తర్వాత దాన్ని తయారుచేసింది ఆయన బృందమే.

అమెరికా వెళ్లాలన్న కోరికకు డబ్బు కావాలి. మామగారు కొంత సమకూర్చారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయం చేస్తామని మాట ఇచ్చింది. ఈ సత్యలింగ నాయకర్ ఎవరో తెలుసుకోవాలి. బ్రాహ్మణేతరుడు. కోరంగి ప్రాంతంలో పుట్టి, సముద్రం దాటి రంగూన్ చేరి, అక్కడ సంపాదించి, ఆ ఆస్తిని చదువులకు, ధర్మకార్యాలకు రాసిచ్చిన మనిషి. సుబ్బారావు విజయాన్ని అగ్రహారం ఖాతాలో మాత్రమే రాసేవాళ్లు ఆ ఖాతాలో రంగూన్ రేవు డబ్బు కూడా ఉందని మర్చిపోతారు.

1922 అక్టోబర్ 26న సుబ్బారావు బోస్టన్‌లో దిగారు. పెళ్లై మూడేళ్లయిన భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయింది. ఆమె మళ్లీ భర్తను చూడలేదు. పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. ఆ బిడ్డను తండ్రి ఎప్పుడూ చూడలేదు. గొప్పవాళ్ల జీవిత కథల్లో ఇలాంటి స్త్రీలకు ఒక వాక్యం దక్కుతుంది. మేమూ ఇక్కడ ఒక పేరాలోనే సరిపెడుతున్నామన్న సంగతి మాకు తెలుసు.

హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా చేస్తున్న రోజుల్లో పొట్ట గడవడానికి ఆయన ఒక ఆసుపత్రిలో రాత్రిపూట పనివాడిగా చేరారు. పక్కలు మార్చడం, రోగుల మలమూత్రాల పాత్రలు కడగడం. ఆయన కష్టాలకు ఉదాహరణగా ఈ విషయాన్ని అందరూ చెబుతారు. మనకు ఇందులో కనిపించేది వేరే. భీమవరం బ్రాహ్మణుడికి బోస్టన్‌లో అది కొన్ని నెలల కూలి. పొద్దున్నే చేతులు కడుక్కుని ప్రయోగశాలకు నడిచిపోవచ్చు. ఇదే పని మన దేశంలో తరతరాలుగా కొన్ని కులాల నెత్తిన రాసిపెట్టి ఉంది. ఇక్కడ ఆ పని చేసినవాడి కొడుకు ప్రయోగశాలలోకి నడవాలంటే రాజ్యాంగం కావాల్సి వచ్చింది. ఆ రాజ్యాంగం రాసిన అంబేద్కర్ అప్పటికే, 1913లో, న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయం మెట్లెక్కి వచ్చారు. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూస్తే పని మైల కాదని, దాన్ని పుట్టుకకు కట్టేయడమే మైల అని ఎవరికైనా అర్థమవుతుంది.

అమెరికా కూడా సమానత్వపు నేల కాదు. సుబ్బారావు దిగిన నాలుగు నెలలకు, 1923 ఫిబ్రవరిలో, ఆ దేశ సుప్రీంకోర్టు భగత్ సింగ్ థింద్ కేసులో తీర్పు ఇచ్చింది. తాను అగ్రకుల ఆర్యుణ్ణని, కాబట్టి తెల్లజాతివాణ్ణేనని థింద్ తరఫున వాదించారు. కోర్టు ఒప్పుకోలేదు. భారతీయులకు పౌరసత్వం రాదని తేల్చింది. కులాన్ని పట్టుకుని జాతి గోడ దాటాలనుకున్న వాదం అక్కడ కూలిపోయింది. సుబ్బారావు చివరిదాకా ఆ దేశంలో విదేశీగానే బతికారు.

కండరంలో, కాలేయంలో దొరికినవి

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర సుబ్బారావు చేరారు. 1925లో ఇద్దరూ కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి ప్రకటించారు. బయోకెమిస్ట్రీ చదివే పిల్లలకు ఫిస్క్–సుబ్బారావు పద్ధతిగా ఇప్పటికీ అది పాఠమే. ఆ కొలతతోనే 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని గుర్తించారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నారు. ప్రతి కణం పని చేయడానికి ఖర్చుపెట్టే శక్తి నాణెం ఏటీపీ. చేలో కలుపు తీసే చేయి కదిలినా, గర్భంలో కణం రెండుగా చీలినా ఖర్చయ్యేది అదే. 1930లో ఆయనకు పీహెచ్‌డీ వచ్చింది. శాశ్వత ఉద్యోగం మాత్రం హార్వర్డ్ ఇవ్వలేదు.

1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలకు మారారు. త్వరలోనే అక్కడ పరిశోధనలకు డైరెక్టరయ్యారు. అక్కడ ఆయన వెంటపడిన వాటిలో ఒకటి కాలేయంలో దొరికే రక్తవృద్ధి పదార్థం.

ఆ పదార్థం జాడ మొదట దొరికింది మన దేశంలోనే. లూసీ విల్స్ అనే బ్రిటిష్ వైద్యురాలు 1928 తర్వాత బొంబాయికి వచ్చి పేద గర్భిణుల రక్తహీనత మీద పని చేశారు. బట్టల మిల్లుల కార్మిక స్త్రీలు, ఘోషాలో ఉండే పేద ముస్లిం స్త్రీలు. వాళ్ల రక్తకణాలు మామూలు కంటే పెద్దగా ఉబ్బి ఉండేవి, సంఖ్య మాత్రం తక్కువ. ఇనుము ఇస్తే తగ్గని రక్తహీనత అది. చవగ్గా దొరికే ఈస్ట్ ముద్ద మార్మైట్ తినిపిస్తే తగ్గింది. కాలేయం సారం ఇచ్చినా తగ్గింది. 1931లో ఆమె ఈ ఫలితాలు ప్రచురించారు. వైద్య చరిత్రలో లూసీ విల్స్ పేరు ఉంది. రక్తం ఇచ్చిన ఆ స్త్రీల పేర్లు జనానికి తెలియవు. మా మొదటి ప్రశ్నకు జవాబు అక్కడుంది. సుబ్బారావు దాకా వచ్చిన దారి బొంబాయి కార్మిక వాడల్లోంచి, ఆకలిగొన్న గర్భిణుల శరీరాల మీదుగా వచ్చింది.

1941లో అమెరికాలో మరో బృందం ఇదే కోవకు చెందిన పదార్థాన్ని పాలకూర ఆకుల నుంచి తీసి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టింది. లాటిన్‌లో ఫోలియం అంటే ఆకు. 1945లో లెడర్లీ బృందం దాన్ని కృత్రిమంగా తయారుచేసినట్టు ప్రకటించింది. పెద్ద కణాల రక్తహీనతకు, స్ప్రూకు అది పనిచేసింది. అన్నదమ్ములు పోయిన ఆ జబ్బుకు మందు దొరికింది.

ఇంకో మాట. ఆకుకూరలతో పాటు ఫోలేట్ ఎక్కువగా ఉండేవి పప్పుదినుసులు, కాలేయం. మనం కార్జం అంటాం. పెద్దకూర కార్జాన్ని నీచమని ముక్కు మూసుకునే సమాజమే అదే కార్జం సారాన్ని మందుగా గౌరవించింది. నంద్యాల వ్యవసాయ పరిశోధనా కేంద్రం శనగ రకాలకు పేరున్నది. ఆ శనగలోనూ ఫోలేట్ దండిగా ఉంటుంది. చలికాలంలో ఆ శనగ పీకేది ఎక్కువగా మన ఆడవాళ్లే. పీకిన శనగ ఎవరింటి కుండలోకి పోతోందన్నది వేరే లెక్క.

ఆపితే ఏమవుతుందో చూపిన మందు

ఫోలిక్ ఆమ్లం ఎందుకంత ముఖ్యం? కణం రెండుగా చీలే ముందు తన డీఎన్ఏ మొత్తాన్ని నకలు తీసుకోవాలి. డీఎన్ఏ రాతలో నాలుగు అక్షరాలుంటాయి. అందులో థైమిన్ అనే అక్షరం తయారు కావాలంటే ఫోలేట్ కావాలి. అది లేకపోతే కణం పెరుగుతుంది గానీ చీలలేదు. బొంబాయి స్త్రీల రక్తకణాలు ఉబ్బిపోవడానికి కారణం ఇదే.

దీన్నే తిప్పి ఆలోచిస్తే కేన్సర్ కణాలు అదుపు లేకుండా చీలతాయి. ఫోలిక్ ఆమ్లంలా కనిపిస్తూ దాని పనిని అడ్డుకునే పదార్థం ఇస్తే? సుబ్బారావు బృందం అమినాప్టెరిన్ తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 1947 చివర్లో దాన్ని రక్త కేన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చారు. 16 మందిలో 10 మందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. 1948 జూన్‌లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. కేన్సర్‌కు మందులతో చికిత్స అన్న దారి అలా తెరుచుకుంది. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఇప్పటికీ కేన్సర్‌కు, కీళ్లవాతానికి వాడుతున్నారు. బోదకాలు మందు డీఈసీ, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా ఆయన నాయకత్వంలోనే ఆ ప్రయోగశాలల నుంచి వచ్చాయి. కోస్తా జిల్లాల్లో ఇంటింటికీ పంచిన బోదకాలు మాత్ర డీఈసీయే.

అమినాప్టెరిన్ ఇంకో నిజాన్ని కూడా బయటపెట్టింది. 1950ల మొదట్లో దాన్ని గర్భస్రావం కోసం వాడి చూశారు. గర్భం పోకుండా నిలిచిన కొన్ని సందర్భాల్లో పిండాలు తల, ముఖం రూపు చెడి ఉన్నాయి. అవయవాలు ఏర్పడే రోజుల్లో ఫోలేట్ పనిని ఆపితే ఏమవుతుందో అలా తెలిసింది.

మా పరిశోధన ఇక్కడే సుబ్బారావుతో కలుస్తుంది. పిండంలోని ప్రతి కణంలో ఉన్న జన్యువులు దాదాపు ఒకటే. ఒక కణం మెదడుకు, ఇంకోటి ఎముకకు, మరోటి చర్మానికి ఎందుకు పోతుంది? ఒక్కో కణంలో ఒక్కో జట్టు జన్యువులు మేల్కొంటాయి, మిగిలినవి నిద్రలో ఉంటాయి. ఈ నిద్రకు, మెలకువకు డీఎన్ఏ మీద అంటుకునే మిథైల్ అనే చిన్న గుర్తులు ఒక కారణం. వాటికి కావాల్సిన ముడిసరుకులో కొంత ఫోలేట్ దారిలోనే వస్తుంది. అంటే కణాలు చీలడానికీ, చీలిన కణాలు తమ పని తెలుసుకోవడానికీ ఫోలేట్ కావాలి. ఇప్పుడు ఒక్కొక్క కణాన్ని విడదీసి అందులో ఏ జన్యువులు పని చేస్తున్నాయో చదివే పద్ధతులు వచ్చాయి. సుబ్బారావు కాలంలో ఒక అవయవాన్ని మొత్తంగా రుబ్బి కొలిచేవాళ్లు. మేము అందులోని కణాల జనాభా లెక్క తీస్తున్నాం.

గర్భంలో మూడో వారానికి బిడ్డ వెన్ను భాగంలో కణాలు చాపలా పరచుకుంటాయి. ఆ చాప మధ్యలో గాడి పడుతుంది, అంచులు లేచి దగ్గరికొస్తాయి, కలిసి గొట్టమవుతాయి. ఆ గొట్టమే తర్వాత మెదడు, వెన్నుపాము. గర్భం నిలిచిన 28 రోజులకల్లా అది రెండు చివరలా మూసుకోవాలి. పైచివర తెరిచి ఉండిపోతే మెదడు, పుర్రె ఏర్పడవు, బిడ్డ బతకదు. కిందిచివర తెరిచి ఉండిపోతే వెన్ను చీలిక. 1991లో బ్రిటన్ వైద్య పరిశోధనా మండలి ఏడు దేశాల్లో జరిపిన అధ్యయనం ఫలితం వచ్చింది. అంతకుముందు ఇలాంటి బిడ్డను కన్న తల్లులు మళ్లీ గర్భం దాల్చకముందు నుంచే ఫోలిక్ ఆమ్లం వాడితే, ఈ లోపం 72 శాతం తగ్గింది.

సుబ్బారావు దీన్ని చూడలేదు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, గుండెపోటుతో పోయారు. 1995లో శతజయంతికి మన ప్రభుత్వం తపాలా బిళ్ల వేసింది.

మన వాడల్లో లెక్క

28 రోజులంటే ఎప్పుడు? నెల తప్పి రెండు వారాలు. మన పల్లెల్లో చాలామందికి అప్పటికి గర్భమని తెలియదు. తెలిసినా పేరు రాయించుకోవడానికి ఇంకో నెల పడుతుంది. కూలి మానుకుని ఆసుపత్రికి పోవాలి, తోడు మనిషి కావాలి. ఏఎన్ఎం మొదటి మాత్ర చేతిలో పెట్టేసరికి ఆ గొట్టం మూసుకుందో లేదో తేలిపోయి ఉంటుంది. ఆ మాత్ర రక్తహీనతకు, బిడ్డ ఎదుగుదలకు తప్పక పనికొస్తుంది, మానకూడదు. కానీ వెన్ను చీలికను ఆపే గడువు దాటిపోయింది. అందుకే గర్భానికి ముందు మొదలుపెట్టాలి.

దీనికి కార్యక్రమం లేదా? ఉంది. రక్తహీనత లేని భారత్ పథకం కింద 10 నుంచి 19 ఏళ్ల పిల్లలకు వారానికొక నీలి మాత్ర, పెళ్లీడు దాటిన స్త్రీలకు వారానికొక ఎర్ర మాత్ర ఇవ్వాలి. బడికి పోయే అమ్మాయికి బడిలో దొరుకుతుంది. బడి మానేసి పత్తి విత్తన చేలల్లో క్రాసింగ్ పనికి పోయే అమ్మాయికి ఎవరు ఇస్తారు? ఇంకో తేడా చూడండి. రుతుక్రమం ఉన్న స్త్రీలకు వారానికొకసారి ఇచ్చే మాత్రలో 2.8 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. మన వారపు మాత్రలో ఉండేది 0.5 మిల్లీగ్రాములు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. విద్యార్థి సంఘాలు, మహిళా సంఘాలు పట్టుకోవాల్సిన అంకెలు ఇవి.

మరో సంగతి, నింద గురించి. పెదవి చీలికతో బిడ్డ పుడితే మనం గ్రహణం మొర్రి అంటాం. ఆ పేరులోనే తీర్పు ఉంది. తల్లి గ్రహణం రోజు బయటికొచ్చిందని, కత్తి పట్టుకుందని. ఆ రోజు కూడా కూలికి పోకపోతే పొయ్యి వెలగని ఇంట్లో ఆ తల్లి ఏం చేయాలి? వెన్ను చీలికతో బిడ్డ పుట్టినా నింద తల్లి మీదికే వస్తుంది. దానికి వంశపారంపర్యం, చక్కెర జబ్బు, కొన్ని మూర్ఛ మందులు కూడా కారణాలు కావచ్చు. తిండి లేమి ఒక కారణమైతే, ఆ తప్పు తల్లిది కాదు, ఆమె పళ్లెం ఖాళీగా ఉంచిన వ్యవస్థది.

సుబ్బారావు జీవితం మనకు ఇచ్చేది ఈ రెండు. పరీక్షలో వెనకబడ్డ మనిషికి అవకాశాలు అందితే ఎంత దూరం పోగలడో ఆయనే రుజువు. ఆ అవకాశాలు మన పిల్లలకు హక్కుగా అందాలి. రెండోది, బొంబాయి పేద గర్భిణుల రక్తం నుంచి మొదలైన జ్ఞానం నంద్యాల, ఆళ్లగడ్డ వాడల ఆడవాళ్లకు వేళకు చేరాలి. ఈసారి మీ ఊరి సబ్‌సెంటర్‌కు వెళ్లినప్పుడు గర్భిణుల జాబితా ఒక్కటే అడగకండి. బడి మానేసిన అమ్మాయిలకు, కొత్తగా పెళ్లయిన ఆడవాళ్లకు మాత్రలు ఎవరు ఇస్తున్నారో, ఎన్ని వారాలు ఇచ్చారో రిజిస్టర్ చూపించమని అడగండి. గర్భంలో ఆ గొట్టం మన దరఖాస్తుల కోసం ఆగదు. దానికి ఉన్నది 28 రోజులే.